పిల్లల ట్యాకిల్ ఫుట్‌బాల్: చేర్చే ముందు దెబ్బల లెక్క ఎక్కడ చూడాలి

సంక్షిప్తంగా

అమెరికాలో కొన్ని లీగ్‌లు 5, 6 ఏళ్ల పిల్లలను కూడా ట్యాకిల్ ఫుట్‌బాల్‌లో, అంటే ఒకరినొకరు ఢీకొని పడగొట్టే అమెరికన్ ఫుట్‌బాల్‌లో చేర్చుకుంటాయి. హెల్మెట్ పుర్రెను కాపాడుతుంది గానీ లోపల మెదడు కదలకుండా ఆపలేదు. తలకు తగిలే దెబ్బల్లో చాలా భాగం వారం మధ్య ప్రాక్టీసుల్లోనే తగులుతాయి. వాటిని తగ్గించే నిబంధనలున్నాయి, కానీ అవి అన్ని లీగ్‌లలోనూ ఒకేలా లేవు. అందువల్ల ఏ వయసులో చేర్చాలి, వారానికి ఎన్ని నిమిషాలు ఢీకొంటారు, మైదానం పక్కన ఎవరుంటారు అన్న మూడు ప్రశ్నలకు జవాబు దొరికాకే ఫారంపై సంతకం పెట్టడం మంచిది.

తెలియని ఆట, తీసుకోవాల్సిన నిర్ణయం

మన ఊళ్లలో ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నే ఆట. అమెరికాలో దాన్ని సాకర్ అంటారు. అక్కడ ఫుట్‌బాల్ అంటే కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తే ఆట. బంతి పట్టుకున్నవాడిని నేల మీద పడగొట్టడమే ట్యాకిల్. తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉండే టెక్సస్‌లోని ఫ్రిస్కో, ప్లేనో, అలెన్ వంటి ఊళ్లలో ఈ ఆటకు ఉన్న పట్టు ఎంతో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. అలెన్‌లో 2012లో ఒక హైస్కూల్ జట్టు కోసం సుమారు 6 కోట్ల డాలర్లతో, 18,000 మంది కూర్చునే స్టేడియం కట్టారు. అలాంటి ఊరిలో పెరిగే పిల్లవాడు ఒకరోజు బడి నుంచి కరపత్రం తెచ్చి 'నేనూ ఆడతా' అంటే ఆశ్చర్యపడాల్సిన పని లేదు.

చిక్కు ఏమిటంటే, చిన్నప్పుడు క్రికెట్టో కబడ్డీయో ఆడిన తల్లిదండ్రులకు ఈ ఆటలో ఏది మామూలు దెబ్బో, ఏది కాదో తెలియదు. పక్కింటి అమెరికన్ తండ్రి ఆ ఆట తనే ఆడి ఉంటాడు. కోచ్ చెప్పే మాటలో ఎంత నిజముందో అతనికి ఒక అంచనా ఉంటుంది. మనవాళ్లకు ఆ అంచనా ఉండదు.

కబడ్డీతో పోలిస్తే తేడా కొంత తెలుస్తుంది. కబడ్డీలోనూ పట్టు ఉంది, కింద పడేయడం ఉంది. కానీ అక్కడ కోర్టు చిన్నది, ఇద్దరూ ఎదురెదురుగా దూరం నుంచి పరుగెత్తుకొచ్చి గుద్దుకోరు. పట్టు చీలమండకో, తొడకో, నడుముకో వేస్తారు. తలకు ఏ రక్షణా లేదు కాబట్టి ఎవరూ తలను ముందుకు పెట్టరు. ఫుట్‌బాల్‌లో హెల్మెట్ ఉండటమే తల ముందుకు పెట్టే ధైర్యం ఇస్తుంది. తల వంచి గుద్దడం నిబంధనలకు విరుద్ధం, మెడ ఎముక విరిగే ప్రమాదం కూడా ఉంది. అయినా అలిసిపోయిన పిల్లవాడు తల వంచేస్తాడు.

కొత్తగా చూసేవాళ్ల కళ్లు బంతి మీదే ఉంటాయి కాబట్టి మరో విషయం కనిపించదు. మ్యాచ్‌లో ప్రతి ఎత్తూ స్నాప్‌తో, అంటే ముందు వరుస మధ్యలోని ఆటగాడు బంతిని వెనక్కి అందించడంతో మొదలవుతుంది. ఆ క్షణంలో రెండు జట్ల లైన్‌మెన్ (ముందు వరుసలో ఎదురెదురుగా నిలబడేవాళ్లు) అతి దగ్గర నుంచి ఒకరినొకరు ఢీకొంటారు. బంతి ఎటు పోయినా వాళ్లకు ఆ ఢీ తప్పదు. అందరూ చప్పట్లు కొట్టే పెద్ద ట్యాకిల్ మ్యాచ్‌లో నాలుగైదు సార్లు జరిగితే, ఎవరూ గమనించని ఈ చిన్న గుద్దులు ప్రతి స్నాప్‌కూ జరుగుతాయి.

హెల్మెట్ ఏం చేస్తుంది, ఏం చేయలేదు

మెదడు పుర్రె లోపల ద్రవంలో తేలుతున్నట్టు ఉంటుంది. తల ఒక్కసారిగా ఆగినా, పక్కకు తిరిగినా మెదడు లోపల కదిలి సాగుతుంది. నాడీ కణాల పనితీరు కొంతకాలం దెబ్బతింటుంది. దీన్నే కంకషన్ అంటారు. మామూలు స్కానింగ్‌లో ఇది సాధారణంగా కనిపించదు. స్పృహ తప్పితేనే కంకషన్ అని చాలామంది అనుకుంటారు గానీ, ఎక్కువ కేసుల్లో పిల్లలు స్పృహ తప్పరు.

హెల్మెట్ పుట్టింది పుర్రె పగలకుండా, మెదడులో రక్తస్రావం కాకుండా చూడటానికి. ఆ పని అది బాగా చేస్తుంది. లోపలి కదలికను కొంత తగ్గించగలదు, పూర్తిగా ఆపలేదు. 'కంకషన్ రాని హెల్మెట్' అంటూ ఎవరైనా అమ్మితే నమ్మనక్కర్లేదు.

పిల్లల విషయంలో శరీర నిర్మాణం కూడా ఎదురు తిరుగుతుంది. ఏడెనిమిదేళ్లకు తల పరిమాణం పెద్దవాళ్ల తలకు దగ్గరగా వచ్చేస్తుంది. మెడ కండరాలు మాత్రం ఇంకా సన్నగానే ఉంటాయి. దాని మీద హెల్మెట్ బరువు. బొమ్మల కొలువులో పెట్టే తలాడించే బొమ్మను వేలితో తడితే తల ఎలా ఊగుతుందో, గుద్దు తగిలినప్పుడు చిన్నపిల్లల తల అలా ఊగుతుంది. మెదడులో నాడీ తీగల చుట్టూ ఏర్పడే పొర కూడా ఆ వయసుకు పూర్తిగా తయారై ఉండదు.

అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2021లో వెలువరించిన ఒక అధ్యయనం ఈ చర్చలో ముఖ్యమైనది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు సెన్సర్లు పెట్టి ఒక సీజన్‌లో తలకు తగిలిన దెబ్బలు లెక్కించారు. మధ్యస్థ విలువ చూస్తే ట్యాకిల్ ఆడినవాళ్లకు 378, ఫ్లాగ్ ఫుట్‌బాల్ (పడగొట్టకుండా నడుము పట్టీని లాగే ఆట) ఆడినవాళ్లకు 8. గట్టి దెబ్బలనే తీసుకుంటే, ఒక ప్రాక్టీసు లేదా మ్యాచ్‌లో ట్యాకిల్ పిల్లలకు ఫ్లాగ్ పిల్లల కన్నా 23 రెట్లు ఎక్కువ తగిలాయి. ఇవన్నీ కంకషన్లు కావు. లక్షణాలేవీ కనిపించని దెబ్బలే ఎక్కువ. అవి ఏళ్ల తరబడి పేరుకుపోతే ఏమవుతుందన్నదే శాస్త్రవేత్తల ఆందోళన.

సీటీఈ అంకెలను ఎలా చదవాలి

తలకు పదేపదే దెబ్బలు తగిలినవాళ్లలో కొందరికి ఏళ్ల తర్వాత వచ్చే మెదడు క్షీణత వ్యాధిని సీటీఈ అంటారు. చనిపోయాక మెదడును పరీక్షిస్తే తప్ప దాన్ని ఖాయంగా నిర్ధారించలేరు. 2017లో బోస్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్)లో ఆడిన 111 మంది మాజీ ఆటగాళ్ల మెదళ్లను పరీక్షిస్తే 110 మందిలో ఇది కనిపించింది. 2023లో 30 ఏళ్లలోపే చనిపోయిన 152 మంది క్రీడాకారుల మెదళ్లు చూస్తే 63 మందిలో కనిపించింది.

ఈ అంకెలు చదివి 'ఆడిన ప్రతి వందమందిలో 99 మందికి వస్తుంది' అనుకోవడం తప్పు. బతికుండగా ఏదో ఇబ్బంది పడిన వ్యక్తుల కుటుంబాలే ఎక్కువగా మెదడు దానం చేస్తాయి. కాబట్టి ఆ మెదళ్లు ఆటగాళ్లందరికీ ప్రతినిధులు కావు. మామూలు హైస్కూల్ ఆటగాడికి ఎంత ముప్పు అన్నది ఈ అంకెల నుంచి లెక్కగట్టలేం. అదే సమయంలో వాటిని కొట్టిపారేయడమూ తప్పే. అదే పరిశోధక బృందం 2019లో ఆడిన ఏళ్ల సంఖ్యను పోల్చి చూసింది. ట్యాకిల్ ఆడిన ప్రతి అదనపు సంవత్సరానికీ సీటీఈ ఉండే అవకాశం సుమారు 30 శాతం పెరుగుతోందని తేలింది. దీన్నిబట్టి ముప్పు ఒక్క పెద్ద దెబ్బతో ముడిపడినది కాదు, మొత్తం ఎన్నేళ్లు, ఎన్ని దెబ్బలు అన్నదానితో ముడిపడినది.

ఏ వయసులో మొదలుపెట్టారన్నది దానంతటదే హాని పెంచుతుందా అన్న విషయంలో పరిశోధకుల మధ్య ఏకాభిప్రాయం లేదు. కొన్ని అధ్యయనాలు అవునన్నాయి, కొన్నింటిలో తేడా కనిపించలేదు. అయితే 7 ఏళ్లకు మొదలుపెట్టిన పిల్లవాడు 14 ఏళ్లకు మొదలుపెట్టినవాడి కన్నా ఏడు సీజన్ల దెబ్బలు ఎక్కువ తింటాడు. ఈ లెక్కకు కొత్త అధ్యయనం అక్కర్లేదు.

ప్రాక్టీసు రోజులే కీలకం

వర్జీనియా టెక్ పరిశోధకులు 7, 8 ఏళ్ల పిల్లల హెల్మెట్లలో సెన్సర్లు పెట్టి 2012లో ఫలితాలు ప్రచురించారు. పిల్లలు ఏడుగురే, కానీ కనిపించిన విషయం ముఖ్యమైనది. ఒక్కొక్కరికి సీజన్‌లో సగటున 107 దెబ్బలు తగిలాయి. వాటిలో గట్టివి ఎక్కువగా ప్రాక్టీసుల్లోనే తగిలాయి. మ్యాచ్‌ను వారానికి ఒకసారే ఆడతారు, దాన్ని ఇంటిల్లిపాదీ చూస్తారు. ప్రాక్టీసు మాత్రం వారానికి రెండు మూడు రోజులుంటుంది. పిల్లవాడిని కారులో దించి, తల్లిదండ్రులు సరుకులకో ఇంకో పిల్లను డాన్స్ క్లాసుకు దించడానికో వెళ్లిపోతారు.

పాప్ వార్నర్ అమెరికాలోని అతిపెద్ద పిల్లల ఫుట్‌బాల్ సంస్థల్లో ఒకటి. 1929లో ఫిలడెల్ఫియాలో మొదలైంది. 2012లో అది ప్రాక్టీసులో ఢీకొనే భాగం మొత్తం సమయంలో మూడో వంతుకు మించకూడదని నిబంధన పెట్టింది. దూరం నుంచి ఎదురెదురుగా పరుగెత్తి గుద్దుకునే డ్రిల్స్‌ను ఆపేసింది. ఆ తర్వాత ఢీకొనే సమయాన్ని ఇంకా తగ్గించింది. 2016లో చిన్న వయసు విభాగాల్లో కిక్ఆఫ్‌లు (బంతిని దూరంగా తన్ని ఎదుటి జట్టుకు అందించడం) తీసేసింది. కిక్ఆఫ్‌లో రెండు జట్లూ పూర్తి వేగంతో ఎదురుగా వస్తాయి కాబట్టి. 2019లో చిన్నవాళ్ల విభాగాల్లో చేయి నేలకు ఆనించి వంగి మొదలుపెట్టే భంగిమనూ ఆపింది. ఆ భంగిమలో తలే ముందుగా లేస్తుంది. ప్రాక్టీసులో ఢీకొనే సమయాన్ని తగ్గించిన జట్ల పిల్లలకు తల దెబ్బలు గణనీయంగా తగ్గాయని తర్వాతి కొలతల్లో తేలింది.

పెద్దవాళ్ల ఆటతో పోలిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 2011లో ఆటగాళ్ల సంఘంతో కుదిరిన ఒప్పందం ప్రకారం రెగ్యులర్ సీజన్ మొత్తం మీద ప్యాడ్‌లు వేసుకుని చేసే ప్రాక్టీసులు 14కు మించకూడదు. అంటే వారానికి ఒకటి కూడా పడదు. కోట్ల డాలర్లు సంపాదించే, ఒళ్లంతా కండ ఉన్న మగవాళ్లకు ఆ హద్దు ఉంది. అదే సమయంలో హద్దులేవీ రాసుకోని ఒక స్థానిక లీగ్‌లో తొమ్మిదేళ్ల పిల్లవాడు వారానికి మూడు సాయంత్రాలు ప్యాడ్‌లు వేసుకుని గుద్దుకోవచ్చు. ఇది సరిదిద్దాల్సిన తేడా. తల్లిదండ్రులు అడిగితే సరిదిద్దడం అంత కష్టమూ కాదు.

నిబంధన ఎవరిది?

హైస్కూల్ ఆటకు ప్రతి రాష్ట్రంలోనూ ఒక సంఘం ఉంటుంది. టెక్సస్‌లో యూఐఎల్ ఏడో తరగతి నుంచి బడి ఫుట్‌బాల్‌ను చూసుకుంటుంది. పూర్తిస్థాయి ఢీకొనే ప్రాక్టీసుకు వారానికి 90 నిమిషాల హద్దు పెట్టింది. అంతకన్నా చిన్నపిల్లల ఆట మాత్రం పాప్ వార్నర్, అమెరికన్ యూత్ ఫుట్‌బాల్ వంటి జాతీయ సంస్థలు, ఊరి పార్కుల విభాగాలు, చర్చిలు, సొంతంగా నడుపుకునే క్లబ్బుల మధ్య చెదిరి ఉంటుంది. యూఎస్ఏ ఫుట్‌బాల్ అనే జాతీయ సంస్థ కోచ్‌లకు శిక్షణ ఇస్తుంది, ప్రమాణాలు రాస్తుంది. వాటిని పాటించేదీ లేనిదీ చాలావరకు లీగ్ ఇష్టం.

చట్టం ఎలా వచ్చిందో చూస్తే ఈ ఖాళీ అర్థమవుతుంది. 2006లో వాషింగ్టన్ రాష్ట్రంలో 13 ఏళ్ల జాకరీ లిస్టెడ్ తలకు దెబ్బ తగిలినా అదే మ్యాచ్‌లో మళ్లీ మైదానంలోకి దిగాడు. ఆట ముగిసేసరికి మెదడులో రక్తస్రావమై కుప్పకూలాడు. మాట, నడక తిరిగి రావడానికి నెలలూ ఏళ్లూ పట్టింది. 2009లో ఆ రాష్ట్రం అతని పేరుతో చట్టం చేసింది. కంకషన్ అనుమానం ఉంటే వెంటనే ఆట నుంచి తప్పించాలి, వైద్య నిపుణుడు రాతపూర్వకంగా అనుమతించేదాకా తిరిగి దించకూడదు. 2014కల్లా 50 రాష్ట్రాలూ ఇలాంటి చట్టాలు చేశాయి. అయితే చాలా రాష్ట్రాల చట్టాల దృష్టి బడి ఆటల మీదే ఉంది. ప్రైవేటు లీగ్‌లకు ఎంతవరకు వర్తిస్తుందన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది.

కాలిఫోర్నియా ఇందులో ముందుకెళ్లింది. 2021 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం అక్కడి పిల్లల లీగ్‌లలో ఢీకొనే ప్రాక్టీసు వారానికి రెండు రోజులే, రోజుకు 30 నిమిషాలే. మ్యాచ్‌ల దగ్గర అత్యవసర వైద్య సిబ్బంది ఉండాలి. హెల్మెట్లను రెండేళ్లకోసారి బాగుచేయించి మళ్లీ ధ్రువీకరణ తీసుకోవాలి. 12 ఏళ్లలోపు పిల్లలకు ట్యాకిల్‌ను పూర్తిగా నిషేధించాలన్న బిల్లు మాత్రం 2024 జనవరిలో ఆగిపోయింది. దానిపై సంతకం చేయనని గవర్నర్ గావిన్ న్యూసమ్ ప్రకటించారు. వేరే రాష్ట్రంలో ఉన్నవాళ్లు కూడా ఈ చట్టాన్ని కొలబద్దగా పెట్టుకుని తమ లీగ్‌ను పోల్చుకోవచ్చు.

బరువు, స్థానం

పన్నెండేళ్ల వయసులో ఒకడు ఇంకా బాలుడిలాగే ఉంటాడు, మరొకడికి మీసం మొలుస్తుంటుంది. వయసు ఒకటే అయినా వాళ్లు గుద్దుకుంటే దెబ్బ సమానం కాదు. కొన్ని లీగ్‌లు వయసూ బరువూ రెండూ చూసి జట్లు కడతాయి, కొన్ని తరగతిని మాత్రమే చూస్తాయి. బరువు చూసేచోట ఇంకో ముప్పుంది. తూకం రోజుకు బరువు తగ్గాలని పిల్లవాడిని పస్తు పెట్టడం, నీళ్లు తాగనివ్వకపోవడం వంటివి ఏ స్థితిలోనూ ఒప్పుకోకూడదు.

బరువు ఎక్కువున్న పిల్లలు బంతి పట్టుకుని పరుగెత్తకూడదని చాలా లీగ్‌లలో నియమం. వాళ్ల హెల్మెట్‌పై గుర్తుగా చార వేస్తారు. చిన్నపిల్లలకు రక్షణ కోసమే ఇది. కానీ ఆ బొద్దు పిల్లవాడు ఏళ్లకేళ్లు లైన్‌లోనే ఉండిపోతాడు, ప్రతి స్నాప్‌కూ ఢీకొంటాడు. అన్ని స్థానాల్లోనూ మార్చి మార్చి ఆడిస్తారా అని కోచ్‌ను అడగడం అవసరం. మిగతా ఆటల్లో బొద్దు పిల్లలను చివరికి ఎంచుకుంటారు. వాళ్లను మనస్ఫూర్తిగా రమ్మనే ఆటల్లో ఫుట్‌బాల్ ఒకటి. ఆ ఆదరణ పిల్లవాడికి చాలా పెద్ద విషయం. దాన్ని తక్కువ చేయకూడదు.

వడదెబ్బ, గుండె

అందరూ తల గురించే మాట్లాడుకుంటారు గానీ, ఆగస్టులో ప్రాణం తీయగలది వడదెబ్బ. హెల్మెట్, ప్యాడ్‌లు ఒంటి వేడిని బయటికి పోనివ్వవు. 2001 ఆగస్టు 1న మిన్నెసోటా వైకింగ్స్ ఆటగాడు కోరీ స్ట్రింగర్ శిక్షణ శిబిరంలో వడదెబ్బ తగిలి చనిపోయాడు. అతని పేరుతో కనెక్టికట్ విశ్వవిద్యాలయంలో ఏర్పడిన సంస్థ అప్పటినుంచి చెబుతున్నది ఒక్కటే: ముందు చల్లబరచాలి, తర్వాతే ఆసుపత్రికి తరలించాలి. అంటే మైదానం పక్కన ఐసు నీళ్ల తొట్టి సిద్ధంగా ఉండాలి. మొదటి రోజుల్లో ప్యాడ్‌లు లేకుండా తక్కువసేపు ఆడించి, ఒంటిని ఎండకు అలవాటు చేయాలి. 'మేం గుంటూరు ఎండల్లో ఆడినవాళ్లమే' అన్న మాట ఏసీ ఇంట్లో పెరిగి, హెల్మెట్, ప్యాడ్‌లు మోస్తున్న పిల్లవాడికి వర్తించదు.

ఛాతీకి సరిగ్గా గుండె లయలోని ఒక క్షణంలో దెబ్బ తగిలితే గుండె ఆగిపోవచ్చు. 2023 జనవరి 2న బఫెలో బిల్స్ ఆటగాడు డామర్ హామ్లిన్‌కు అలాగే అయింది. మైదానంలోనే సీపీఆర్ చేసి, ఏఈడీ యంత్రంతో షాక్ ఇవ్వడం వల్ల బతికాడు, తిరిగి ఆడాడు. ఇది చాలా అరుదు. కానీ ఛాతీ గోడ పలచగా ఉండే పిల్లల్లో ఎక్కువగా కనిపిస్తుంది. ఏఈడీ ప్రాక్టీసు మైదానంలో చేతికందేలా ఉందా, తాళం వేసిన గదిలో ఉందా అన్నది తెలుసుకోవాలి.

ఫ్లాగ్ ఆడి ఆగితే వెనకబడతారా?

ఫ్లాగ్ ఫుట్‌బాల్‌లో ఆటగాడి నడుముకు కట్టిన పట్టీని లాగితే ట్యాకిల్ అయినట్టే. బంతి విసరడం, పట్టడం, తప్పించుకు పరుగెత్తడం, ఎత్తుగడలు అన్నీ ఇందులో ఉన్నాయి. 2023 అక్టోబరులో ముంబైలో జరిగిన ఒలింపిక్ కమిటీ సమావేశం 2028 లాస్ ఏంజిలిస్ క్రీడల్లోకి దీన్ని తీసుకుంది. క్రికెట్‌ను చేర్చిందీ ఆ సమావేశమే. అమ్మాయిలకు కూడా ఇది బాగా అందుబాటులోకి వస్తోంది.

చిన్నప్పుడే నేర్చుకోకపోతే హైస్కూల్‌లో ట్యాకిల్ సరిగా చేయలేక ఎక్కువ దెబ్బలు తింటారన్నది కొందరు కోచ్‌ల వాదన. అందులో కొంత తర్కం ఉంది. దానికి జవాబుగా, ఢీకొనకుండా సంచుల మీద, మెత్తటి రింగుల మీద ట్యాకిల్ నేర్పే పద్ధతులు వచ్చాయి. ఇతర ఆటలు ఏం చేశాయో కూడా చూడాలి. అమెరికా ఐస్ హాకీ సంస్థ 2011లో 12 ఏళ్ల విభాగంలో ఒంటితో గుద్దడాన్ని ఆపింది. కెనడా 2013లో ఆపింది, ఆ తర్వాత ఆ వయసులో గాయాలు సుమారు సగానికి తగ్గాయి. అమెరికా సాకర్ సమాఖ్య 10 ఏళ్లు, అంతకన్నా చిన్నవాళ్లకు తలతో బంతి కొట్టడాన్ని నిషేధించింది. ఆ ఆటలేవీ దెబ్బతినలేదు. ఇక ఫుట్‌బాల్‌లోనే ఏడు సూపర్ బౌల్‌లు (ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్స్) గెలిచిన టామ్ బ్రేడీ హైస్కూల్‌కు వచ్చేదాకా ట్యాకిల్ ఆడలేదు.

పిల్లల వైద్యుల సంస్థ ఏఏపీ 2015లో ట్యాకిల్‌ను నిషేధించమనలేదు. తలతో గుద్దితే ఏమాత్రం సహించవద్దని, ఢీకొనని లీగ్‌లు పెంచాలని, మైదానం పక్కన అథ్లెటిక్ ట్రైనర్ (ఆటగాళ్ల గాయాలు చూసే నిపుణుడు) ఉండాలని సూచించింది. ఆస్పెన్ ఇన్‌స్టిట్యూట్ అనే అధ్యయన సంస్థ 2018లో 14 ఏళ్ల వరకు ఫ్లాగ్‌నే ప్రమాణంగా పెట్టుకోవాలని కోరింది. ఉన్న సాక్ష్యాన్ని బట్టి చూస్తే ఆగడం వల్ల పిల్లవాడు పోగొట్టుకునేది తక్కువ, తప్పించుకునే దెబ్బలు వందల్లో ఉన్నాయి. స్కాలర్‌షిప్ ఆశతో తొందరపడేవాళ్లు గుర్తుంచుకోవాల్సిన అంకె ఒకటుంది. హైస్కూల్‌లో ఫుట్‌బాల్ ఆడే వందమందిలో ఎన్‌సీఏఏ (ప్రధాన కాలేజీ క్రీడా సంఘం) పరిధిలోని ఏ స్థాయి కాలేజీ జట్టులోనైనా చోటు దొరికేది సుమారు ఏడుగురికి.

సంతకానికి ముందు

లీగ్ సమావేశంలో అడగాల్సినవి చాలావరకు పైనే వచ్చాయి. మిగిలినవి మూడు. హెల్మెట్ లోపలి లేబుల్ మీద తయారీ తేదీ, చివరిసారి బాగుచేయించిన సంవత్సరం ఉంటాయి. పదేళ్లు దాటిన హెల్మెట్లను బాగుచేసే సంస్థలు తీసుకోవు, కాబట్టి అలాంటిది పిల్లవాడికి ఇస్తే వెనక్కి ఇచ్చేయాలి. కోచ్‌లందరికీ నేర చరిత్ర పరిశీలన, కంకషన్ శిక్షణ అయ్యాయో లేదో అడగాలి. బీమా సంగతి కూడా తేల్చుకోవాలి. లీగ్ బీమా చాలాచోట్ల రెండో వరుసలో ఉంటుంది. ముందు ఇంటి ఆరోగ్య బీమా చెల్లించాలి, మిగిలినదానికే లీగ్ బీమా. డిడక్టబుల్ (బీమా చెల్లించే ముందు మనమే కట్టుకోవాల్సిన మొత్తం) ఎక్కువున్న ప్లాన్ ఉన్నవాళ్లకు ఒక్క విరిగిన మణికట్టు ఖర్చే భారమవుతుంది.

ఇంట్లో చేయాల్సింది సీజన్ మొదలవకముందే చేయాలి. జట్టు నుంచి తీసేస్తారన్న టెన్షన్‌తో పిల్లలు తలనొప్పి దాచేస్తారు. చెబితే అమ్మానాన్నా మాన్పించేస్తారని కూడా దాచేస్తారు. అందుకే 'తల తిరిగినా, వెలుతురు చూడలేకపోయినా, వాంతి వచ్చినట్టున్నా చెప్పు, చెప్పినందుకు కోప్పడం' అని ముందే మాటివ్వాలి. దెబ్బ తగిలాక వచ్చిన తలనొప్పికి అమృతాంజనం రాసి పడుకోబెట్టడం సరిపోదు. డాక్టర్‌కు చూపించాలి. ఒక కనుపాప పెద్దదైనా, వాంతులు ఆగకపోయినా, మాట ముద్దగా వస్తున్నా, ఫిట్స్ వచ్చినా, లేపితే లేవకపోయినా వెంటనే 911కు ఫోన్ చేయాలి.

కంకషన్ తర్వాత తిరిగి ఆటకు రావడానికి ఆరు మెట్లున్నాయి. మొదటిది బడి, మామూలు రోజువారీ పనులు. తర్వాత తేలికపాటి వ్యాయామం, ఆపై ఓ మోస్తరు కదలిక, ఢీకొనకుండా గట్టి వ్యాయామం, ఆ తర్వాతే ఢీకొనే ప్రాక్టీసు, చివరికి మ్యాచ్. ఒక్కో మెట్టు మీద కనీసం 24 గంటలు ఆగాలి. లక్షణాలు మళ్లీ వస్తే ఆపి, డాక్టర్‌తో మాట్లాడి, తగ్గాక ఒక మెట్టు కిందనుంచి మొదలుపెట్టాలి. ఎక్కువమంది పిల్లలు నాలుగు వారాల్లోపు కోలుకుంటారు. శనివారం ముఖ్యమైన మ్యాచ్ ఉందని ఎవరు తొందరపెట్టినా ఈ మెట్లలో ఒక్కటి కూడా దాటేయకూడదు.